ఎర్ర దస్తీ

జంగయ్యకు ఒకటే దిగులు. కాలేజీ ఫుట్‌బాల్ టీముకు అసిస్టెంట్ కోచ్‌గా చేరి ఇరవయ్యేళ్లు దాటింది. పేరు ముందున్న ఆ అసిస్టెంట్ అన్న మాట మాత్రం ఊడి కింద పడటం లేదు.

చేరినప్పుడు అతను మోకాలు దెబ్బతిన్న ఆటగాడు. ఒక్క ఏడాది చేసి చూద్దాం అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే తలలో సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఈలోగా ముగ్గురు హెడ్ కోచ్‌లు వచ్చారు. మొదటాయన మిలిటరీ మనిషి. పిల్లలను గ్రౌండ్ చుట్టూ ఉరికించడం తప్ప ఆయనకు ఇంకో విద్య రాదు. రెండో ఆయన క్రికెట్ నుంచి వచ్చాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో జంగయ్యను చాటుకు పిలిచి అడిగి తెలుసుకున్నాడు, పాపం. మూడో ఆయన దామోదర్ సార్. మంచివాడే, కాదనను. కాకపోతే మ్యాచ్ మొదలైన పావుగంటకల్లా షామియానా కిందికి పోయి పెద్దమనుషులతో ముచ్చట్లలో పడేవాడు.

మరి టీమును ఆడించింది ఎవరు? జంగయ్యే.

ఎట్లా ఆడించాడో చెప్పాలి. మ్యాచ్ నడుస్తుండగా గీత పక్కన నిలబడి కేకలు వేసే హక్కు ఒక్కరికే ఉంటుంది. ఆ ఒక్కరు హెడ్ కోచ్. అసిస్టెంట్ అన్నవాడు బెంచీ మీద నోరు మూసుకుని కూర్చోవాలి. జంగయ్య నోరైతే మూసుకున్నాడు గానీ ఊరుకోలేదు. జేబులోంచి ఎర్ర దస్తీ తీశాడు. చేతిరుమాలును మా వైపు దస్తీ అంటాం.

దస్తీ కుడి భుజం మీద పడితే బంతి కుడివైపు పోవాలి. ఎడమ భుజం మీద పడితే ఎడమకు. తల మీద కప్పుకుంటే అందరూ ముందుకు ఉరకాలి. నేల దాకా దించితే అందరూ వెనక్కి వచ్చి గోలు కాచుకోవాలి. చూసే జనం ఏమనుకునేవారు? పాపం ఎండ పడటం లేదు, చెమట తుడుచుకుంటున్నాడు అనుకునేవారు. టీములోకి కొత్తగా వచ్చిన పిల్లలకు జంగయ్య మొట్టమొదట నేర్పేది ఆ దస్తీ చదవడమే. పరుగు మీద ఉన్నా, పడిపోతూ ఉన్నా, ఒక కన్ను ఆ ఎరుపు మీద ఉండాలి.

అట్లా ఆడించి ఒకసారి కప్పు కూడా గెలిపించాడు. ఆ ఏటి ఫొటో కాలేజీ వరండాలో ఇప్పటికీ వేలాడుతోంది. మధ్యలో కప్పు పట్టుకుని దామోదర్ సార్, చుట్టూ పిల్లలు. కుడి అంచున ఫ్రేములోకి సగం వచ్చిన మోచెయ్యి ఒకటి కనబడుతుంది. అదే జంగయ్య.

ఈ ఏడు టోర్నమెంటు సగంలో ఉండగానే దామోదర్ సార్ రిటైరయ్యాడు. టీము ఫైనల్‌కు వచ్చింది. కాలేజీ కమిటీ సెక్రటరీ నరోత్తం రెడ్డి జంగయ్యను పిలిచి, నాన్చకుండా చెప్పేశాడు.

"ఫైనల్ గెలిపియ్యి జంగయ్యా, హెడ్ కోచ్ నువ్వే. గెలువకపోతే బయటినుంచి ఎవర్నన్న తెచ్చుకుంటం. తర్వాత నన్ను అనొద్దు."

జంగయ్య ఆ రోజు ఇంటికి పోయి భార్య బాలమణితో ఒకే మాట అన్నాడు. "ఈసారి కాకపోతే ఇగ చెయ్య. ఇంకొకని కింద నిలబడుడు నాతోని కాదు."

ఆమె అన్నం వడ్డిస్తూ, "ఉస్తాద్ దగ్గరికి పోయి చాన దినాలైంది గద, ఒకసారి పోయి రారాదూ" అంది.

ఉస్తాద్ అంటే మొహియుద్దీన్ సాబ్. బొల్లారంలో ఉంటాడు. ఒకప్పుడు కాళ్లకు చెప్పుల్లేని పిల్లలను పోగేసి, ఖాళీ జాగాలో రాళ్లు ఏరించి, అక్కడే ఫుట్‌బాల్ నేర్పిన మనిషి. ఆ పిల్లల్లో జంగయ్య ఒకడు. ఎనభైకి దగ్గర పడ్డాడు ఉస్తాద్. ఇప్పుడు ఆయనకు ఒక మేక ఉంది, దానికి ఆకు మేపడమే పని. జంగయ్య పోయేసరికి అదే చేస్తున్నాడు.

సలాం చెప్పి, పక్కన కూర్చుని, జంగయ్య కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. మిలిటరీ ఆయన సంగతి, క్రికెట్ ఆయన సంగతి, ఫొటోలో మోచెయ్యి సంగతి.

"నాల ఏం తక్కువున్నది ఉస్తాద్? ఇన్నేండ్లు నన్నెందుకు అసిస్టెంట్‌గనే ఉంచిన్రు?"

ఉస్తాద్ మేక నోటికి ఇంకో కొమ్మ అందించాడు. "నీ పోరగాండ్లు మంచిగ ఆడుతరా?"

ఆ మాటకు జంగయ్య మొహం విప్పారింది. "నా దస్తీ చూడకుంట ఒక్కడు కాలు కదపడు ఉస్తాద్. నేను ఎటు చూపిస్తే అటే."

"ఒక్కడు కూడా?"

"ఒక్కడు కూడా."

"చూపెట్టు దస్తీ."

జంగయ్య తీసి ఇచ్చాడు. ఉస్తాద్ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు, బట్టల కొట్లో బేరమాడే మనిషిలాగా. తిరిగి ఇచ్చేశాడు.

"బట్ట మంచిగనే ఉన్నది" అన్నాడు. మేక మెడ నిమురుతూ, "ఫైనల్ చూడనీకె నేను గూడ వస్తా బేటా. నీ బెంచీ మీద ఇంత జాగ ఉంచు" అన్నాడు.

జంగయ్య ఏదో దీవెన కోసం వచ్చాడు, దొరికింది ఇంతే. అయినా ఉస్తాద్ వస్తానన్నాడంటే అదే పదివేలు అనుకుంటూ ఇంటికి వచ్చాడు.

ఫైనల్ రోజు డిసెంబరు ఎండ మెత్తగా ఉంది. గ్రౌండ్ నిండా జనం. షామియానా కింద మెత్తటి కుర్చీల్లో కమిటీ వాళ్లు, మధ్యలో నరోత్తం రెడ్డి. ఉస్తాద్ ఆటోలో వచ్చి, కర్ర పట్టుకుని మెల్లగా నడిచి, జంగయ్య పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తెల్ల కుర్తా పైజామా, భుజం మీద శాలువా.

ఇక ఇప్పుడు జంగయ్యే హెడ్ కోచ్ లెక్క. గీత పక్కన నిలబడి గొంతు చించుకుని అరిచినా అడ్డుకునేవాళ్లు లేరు. కానీ అతను అరవలేదు. అలవాటైన చెయ్యి దస్తీ మీదికే పోయింది.

మొదటి సగం దస్తీ బాగానే పనిచేసింది. అవతలి టీము బలమైనదే, అయినా గోలు పడకుండా ఆపారు. ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. మధ్యలో ఆడే తిరుపతి అన్న పిల్లవాడికి ఎదురుగా గోలు ఖాళీగా దొరికింది. ఒక్క తన్ను తంతే చాలు. వాడు బంతి ఆపి, తల తిప్పి బెంచీ వైపు చూశాడు. ఆ చూసినంతలో అవతలివాడు వచ్చి బంతి ఎత్తుకుపోయాడు.

"అరే, తన్నరా అంటే తన్నడు! ఏం చూస్తున్నవ్‌రా నా మొహం!" అని జంగయ్య తలపట్టుకున్నాడు.

ఉస్తాద్ అతని వంక ఒకసారి చూసి మళ్లీ గ్రౌండ్ వైపు తిరిగాడు.

సగం ఆట అయింది. పిల్లలు వచ్చి నీళ్లు తాగారు. తిరుపతి తల వంచుకుని ఒక పక్కన నిలబడ్డాడు. వాడు మొదట్నుంచీ అంతే, మూడేళ్లలో వాడి నోటి నుంచి మూడు మాటలు విన్నవాళ్లు లేరు. జంగయ్య వాడిని తిట్టలేదు. అందరికీ ఒకే సంగతి చెప్పాడు. "దస్తీ చూడుండ్రి. భయపడకుండ్రి. మిగతాది నేను చూసుకుంట."

పిల్లలు గ్రౌండ్‌లోకి తిరిగి పోతుంటే ఉస్తాద్ లేచాడు. నీళ్ల క్యాను దగ్గరికి పోయి చేతులు, మొహం, కాళ్లు కడుక్కున్నాడు. బెంచీ వెనక గడ్డి మీద శాలువా పరిచాడు. అప్పుడు జంగయ్య వైపు చెయ్యి చాపాడు.

"అసర్ నమాజు వేళయింది బేటా. తల కప్పుకోవాలె. నీ దస్తీ ఇయ్యి."

జంగయ్య ఒకసారి గ్రౌండ్ వైపు చూశాడు. ఇప్పుడా? ఈ సమయంలోనా? కానీ గురువు నమాజుకు బట్ట అడిగితే లేదని ఎట్లా అంటాడు? ఎంతసేపు లే, ఇట్టే అయిపోతుంది అని తనకు తాను నచ్చజెప్పుకుని ఇచ్చేశాడు. ఉస్తాద్ దాన్ని తల మీద పరిచి, వెనక ముడి వేసుకుని, పడమటికి తిరిగి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

అవతల విజిల్ మోగింది. ఆట మొదలైంది.

పిల్లల కళ్లు బెంచీ వైపు తిరిగాయి. ఎరుపు కోసం వెతికాయి. ఎరుపు తల మీద ఉంది. తల మీద ఉంటే ఏమిటి అర్థం? ముందుకు ఉరకాలి. అది ఎవరి తల అని ఆలోచించే తీరిక ఆ కళ్లకు లేదు. ఇద్దరు ముందుకు దూకారు, వాళ్లను చూసి ఇంకో ముగ్గురు, వాళ్ల వెనక గోలు కాయవలసిన వాళ్లు కూడా.

"ఆగుండ్రి! ఏడికి పోతున్నర్రా, ఆగుండ్రి!" జంగయ్య గీత దాకా ఉరికి అరిచాడు.

ఒక్కడు వినలేదు. ఎట్లా వింటారు? ఆ గొంతును వినే అలవాటు వాళ్లకు లేదు. ఇన్నేళ్లలో అతను మ్యాచ్‌లో నోరెత్తింది ఎప్పుడు గనక?

అంతలో ఉస్తాద్ మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనించాడు. ఎరుపు నేలకు దిగింది. పరుగెత్తుతున్న పిల్లలు టక్కున ఆగి, వెనక్కి మళ్లారు. కాళ్ల దగ్గర బంతి ఉన్న తిరుపతి కూడా దాన్ని వదిలేసి వెనక్కి తిరిగాడు. అవతలి టీము వాళ్లకు ముందు నమ్మకం కలగలేదు. తర్వాత ఒకడు నవ్వుకుంటూ ఆ బంతి తీసుకుని, సర్దుకోలేక సతమతమవుతున్న మన వాళ్ల మధ్య నుంచి పోయి, గోలు కొట్టేశాడు.

జనం ఘొల్లుమన్నారు. షామియానా కింద నరోత్తం రెడ్డి లేచి నిలబడ్డాడు.

ఉస్తాద్‌కు ఇవేవీ పట్టలేదు. ఆయన తన నమాజులో తాను ఉన్నాడు. చదివి, లేచి, వంగి, కూర్చుని, నింపాదిగా ముగించాడు. ముగించి లేచి వస్తాడేమోనని జంగయ్య చూశాడు. రాలేదు. కుర్తా జేబులోంచి తస్బీ తీసి, శాలువా మీదే కూర్చుని, కళ్లు మూసుకుని పూసలు తిప్పుకుంటున్నాడు. దస్తీ తల మీదే ఉంది.

నీళ్ల క్యాను మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది. అది తెల్లదే, అయితేనేం, చేతిలో ఆడిస్తే పిల్లలకు అర్థం కాకపోదు. జంగయ్య ఒక్క అంగలో దాన్ని అందుకున్నాడు. గ్రౌండ్ వైపు తిరిగాడు.

పిల్లలందరూ ఇటే చూస్తున్నారు.

బంతి మధ్యలో ఉంది, దాని వైపు ఎవరూ చూడటం లేదు. గోల్‌కీపర్ ముస్తాక్ కూడా గోలు వదిలి ఇటే చూస్తున్నాడు. ఆ కళ్లతో ఒకటే అడుగుతున్నారు, ఏం చెయ్యమంటవ్ సార్, ఏం చెయ్యమంటవ్ అని. తప్పు చేస్తామేమోనన్న భయం. చెప్పేదాకా కదలకూడదన్న ఒద్దిక.

ఆ చూపు జంగయ్యకు తెలిసినదే. అద్దంలో కాదు గానీ, లోపలి నుంచి తెలుసు. తను ఇరవయ్యేళ్లు హెడ్ కోచ్‌ల మొహాల వంక చూసిన చూపే అది.

తువ్వాలు తీసుకుపోయి క్యాను మీద పెట్టేశాడు. వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చేతులు ఊరుకోవేమోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పిల్లలు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆట మళ్లీ మొదలైనా వాళ్లకు కాళ్లు ఆడలేదు. ఎవరికి ఇవ్వాలో తెలియక బంతిని వదిలించుకుంటున్నారు. కాసేపటికే రెండో గోలు కూడా పడింది.

నరోత్తం రెడ్డి షామియానా వదిలి బెంచీ దగ్గరికి వచ్చేశాడు. "ఏందయ్యా ఇది? పోరగాండ్లు నీ మొహం చూస్తుంటే చేతులు కింద పెట్టుకుని కూసున్నవ్? తమాషా చూడనీకి వచ్చినవా? ఏదో ఒకటి చెప్పు వాళ్లకు!"

జంగయ్య కళ్ల నిండా నీళ్లున్నాయి, చేతులు మాత్రం కదపలేదు.

"నీ ఖర్మ" అని నరోత్తం రెడ్డి వెళ్లిపోయాడు.

తర్వాత గ్రౌండ్‌లో మెల్లగా ఏదో మారింది. మొదట ముస్తాక్ గోలు దగ్గర నుంచి అరిచాడు. "బెంచీల చెప్పెటోడు ఎవ్వడు లేడు! మనమే చూసుకోవాలె!" ఆ అరుపుకు ఒకరిద్దరు ఉలిక్కిపడ్డారు. ఇంకెవడో "ఇటు ఇయ్యిరా" అన్నాడు. "ఆగు, ఆగు, వెనక ఉన్నడు" అన్నాడు మరొకడు. పేర్లు పెట్టి పిలుచుకోవడం మొదలైంది. తప్పులు కూడా చేశారు, లేకేం? ఇద్దరు ఒకే బంతికి పోయి గుద్దుకున్నారు. లేచి ఒకరినొకరు తిట్టుకుని మళ్లీ ఉరికారు.

అప్పుడు వినిపించింది, ఎప్పుడూ వినని ఒక గొంతు.

"నాకియ్యి! నాకియ్యి‌రా!"

తిరుపతి. చెయ్యి పైకెత్తి, గ్రౌండ్ అంతా దద్దరిల్లేట్టు అరుస్తున్నాడు. వాడికి అంత గొంతు ఉందని జంగయ్యకు మూడేళ్లుగా తెలియదు. బంతి వచ్చింది. ఈసారి వాడు ఆపలేదు, ఎటూ చూడలేదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తన్నాడు. వల కదిలింది.

పిల్లలు వాడి మీద పడి వాడిని కింద పడేశారు. ఆ కుప్పలోంచి లేచి మళ్లీ పరుగెత్తుకుంటూ మధ్యకు పోయారు, ఇంకా సమయం ఉందని. ఆఖరు విజిల్ దాకా ఊపిరి తీసుకోకుండా ఆడారు. కానీ తమ రెండో గోలు కొట్టలేకపోయారు.

రెండు ఒకటితో ఓడిపోయారు.

కప్పు అవతలివాళ్లు తీసుకున్నారు. ఫొటోలు అవతలివాళ్లకు తీశారు. షామియానా విప్పుతుండగా నరోత్తం రెడ్డి కారు దాకా పోయి, ఏమనుకున్నాడో వెనక్కి వచ్చాడు. కోపం కొంచెం చల్లారినట్టుంది.

"చెప్పిన గద జంగయ్యా. బయటినుంచి తెస్తం. వచ్చేటాయన కింద అసిస్టెంట్‌గనన్న ఉంటవా? లేకపోతే మానుకుంటవా? ఇప్పుడే చెప్పు."

జంగయ్య గ్రౌండ్ వైపు చూశాడు. పిల్లలు ఇంకా ఇళ్లకు పోలేదు. గుంపుగా నిలబడి, ఆ ఆఖరి బంతి ఎవరికి ఇవ్వాల్సిందని కొట్లాడుకుంటున్నారు. నడుమ నిలబడి అందరికంటే గట్టిగా వాదిస్తున్నది తిరుపతే.

"ఉంటా సార్" అన్నాడు.

నరోత్తం రెడ్డి అతన్ని వింతగా చూసి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

పొద్దు గుంకింది. దూరంగా మసీదులో అజాన్ మొదలైంది. ఉస్తాద్ తల మీది దస్తీ విప్పి బెంచీ మీద పెట్టి, మళ్లీ నీళ్ల క్యాను దగ్గరికి నడిచాడు. జంగయ్య పోయి క్యాను వంచి ఆయన చేతుల మీద, కాళ్ల మీద నీళ్లు పోశాడు. తుడుచుకోవడానికి దస్తీ అందించాడు. ఉస్తాద్ చేతులూ మొహమూ తుడుచుకుని, తడి దస్తీని అతని చేతిలోనే పెట్టాడు.

అప్పుడు కుర్తా జేబులో చెయ్యి పెట్టి, మడత పెట్టిన తెల్ల టోపీ తీసి, తలకు పెట్టుకున్నాడు.

జంగయ్య ఆ టోపీ వంక చూస్తూ ఉండిపోయాడు.

"టోపీ ఉన్నదా ఉస్తాద్?"

"ఎప్పుడు లేదు, బేటా?"

అంతే అని ఉస్తాద్ శాలువా మీదికి పోయి, పడమటికి తిరిగి నిలబడ్డాడు.

జంగయ్య తడి దస్తీ పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. కళ్లు మసకబారుతుంటే దాన్ని మొహానికి అద్దుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. ఆఖరుకు చల్లగా ఉందని తల మీద కప్పుకున్నాడు.

గ్రౌండ్‌లో ఇంకా కొట్లాడుకుంటున్న పిల్లల్లో ఒక్కడూ కదల్లేదు.